అడిగినోడు గుడియాత్తంలో

మా పెద్దనాయన పోయిన సంగతి నాకు మోటారు షెడ్డు దగ్గర తెలిసింది. చెరకుకు నీళ్లు కడుతున్నాను. పెద్దమ్మ ఫోను చేసింది. ఆమె ఫోనులో ఎప్పుడూ అరిచి మాట్లాడుతుంది. దూరాన ఉన్నవాళ్లకు వినపడాలంటే అంత గొంతు కావాలని ఆమె లెక్క. ఆ పొద్దు మాత్రం మెల్లగా మాట్లాడింది.

"కాఫీ తెచ్చి లేపితే లేయలే నాయనా. కాఫీ అట్లే ఉండాది" అంది.

సరే పెద్దమ్మా అన్నాను. ఫోను జేబులో పెట్టుకొని, ఆ సాలు నిండేదాకా నిలబడి, మడవ తిప్పాను. తర్వాత మోటారు ఆపి, కాళ్లు కడుక్కొని, గట్టు మీద నడిచి వచ్చాను. ఏడుపు వస్తుందేమోనని దారి పొడుగునా చూసుకున్నాను. రాలేదు. వాళ్ల ఇంటి ముందు అప్పటికే చాలా చెప్పులు ఉన్నాయి. నావి వాటి పక్కన విడిచి లోపలికి పోయాను.

ఇది జరిగి ఎక్కువ కాలం కాలేదు. ఆయన గురించి ఎవరైనా అడిగితే నాకు నోటితో చెప్పడం రావడం లేదు. అందుకని రాస్తున్నాను. రాయడానికి నాకున్న ఈ అక్షరాలు కూడా ఆయన పెట్టినవే.

మాది కనియంబాడి పక్కన ఒక పల్లె. మా ఇళ్లలో అందరం తెలుగే మాట్లాడతాం. మా తిట్లు తెలుగు, పెళ్లిపాటలు తెలుగు, పోయినవాళ్ల మీద పడి ఆడవాళ్లు ఏడ్చే ఏడుపు తెలుగు. చదివేది మాత్రం తమిళం. పెళ్లి పత్రికలు తమిళంలోనే అచ్చు వేయిస్తాం. తెలుగులో వేస్తే మా ఊళ్లో చదివేవాళ్లు ఉండరు. ఒక్క మా పెద్దనాయన ఉండేవాడు. చిన్నప్పుడు ఆయనను పలమనేరు పక్కన మేనమామ ఇంట్లో కొన్నేళ్లు ఉంచారు. ఆ ఇంట్లో ఆవుల వెంట పోయే మగపిల్లలు లేరు. పొద్దున బడి, మధ్యాహ్నం ఆవులు. ఆ బడి తెలుగు బడి. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

దాని వల్ల ఊళ్లో ఆయనకు దక్కిన మర్యాద ఏమంటే, తిరుపతి బస్సులో అందరూ ఆయన పక్క సీటు కోసం చూసేవాళ్లు. కొండ మీద ఏ వరుస ఎక్కడికి పోతుందో, ఏ బోర్డు మీద ఏముందో ఆయనే చెప్పాలి. చిత్తూరు నుంచి తెచ్చిన పురుగుమందు డబ్బాలు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. చదివిన వెంటనే చెప్పేవాడు కాదు. డబ్బా కింద పెట్టి, మూత బిగించి, అప్పుడు చెప్పేవాడు. కాగితమైతే చదివి, మడిచి, పక్కన పెట్టి, అప్పుడు నోరు తెరిచేవాడు. "చదివినాక మడవాల. మడిచినాకే మాట్లాడాల" అని నాకు చెప్పేవాడు. కాగితం చేతిలో ఉండగానే మాట్లాడేవాడు సగమే చదివి ఉంటాడని ఆయన నమ్మకం.

అక్షరాలు వచ్చినవాడు కాబట్టి ఇంటి కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. మా ఇంట్లో ఒక చెక్కపెట్టె నిండా పాత కాగితాలు ఉండేవి. మా ముత్తాతల కాలంలో మా జిల్లా కచేరీ చిత్తూరులో ఉండేది. అందువల్ల వాటిలో చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. చెరువు కాలువ నీళ్ల కోసం దిగువ ఊరివాళ్ల మీద మావాళ్లు వేసిన వ్యాజ్యం కాగితాలు కొన్ని. మా బెల్లం వేలూరు మండీకి తోలినప్పటి రశీదులు, మండీవాళ్లు రాసిన జాబులు కొన్ని. మిగిలినవి పటాలం కాగితాలు. మా ముత్తాత తమ్ముడు ఒకాయన తెల్లదొరల పటాలంలో చేరి సముద్రం దాటి పోయాడు. తిరిగి రాలేదు. ఆయన పంపిన జాబులు మూడు, ఆయన ఇక రాడని పటాలంవాళ్లు పంపిన ముద్ర కాగితం ఒకటి ఉండేవి. పెద్దనాయన అన్నిటినీ వేరు చేసి మూడు గుడ్డల్లో మూట కట్టాడు. ఎర్రగుడ్డలో కోర్టు, తెల్లగుడ్డలో మండీ, నీలంగుడ్డలో పటాలం. వాటి గురించి మాట్లాడేటప్పుడు మనుషుల గురించి మాట్లాడినట్టే ఉండేది. "కోర్టుకు చెద పట్టేట్టుండాది, ఎండకు తియ్యాల" అనేవాడు. "మండీ బాగుండాది" అనేవాడు.

ఆయన, మా నాయన, గుడియాత్తం చిన్నాయన, వీళ్లు ముగ్గురు అన్నదమ్ములు. భాగాలు పంచుకున్న నాటి సంగతి మా నాయన చెప్పగా విన్నాను. మా దాయాదుల్లో ఒక పద్ధతి ఉంది. దేన్నైనా సమానంగా పాళ్లు వేసి, మూడు తమలపాకుల్లో మూడు రకాల పూలు మడిచి దీపం ముందు పెడతారు. ఎవరు తీసిన ఆకులో ఏ పువ్వు ఉంటే ఆ పాలు వాళ్లది. మెట్ట, మాగాణి, బావి వంతులు, ఇత్తడి సామాను అన్నీ అట్లా పంచారు. చివరికి చెక్కపెట్టె మిగిలింది. అది పెద్దవాడి ఇంట్లో ఉంటుందిలే అన్నారు పెద్దమనుషులు. చిన్నాయనకు అప్పుడే పెళ్లయింది. ఆయన లేచి, అన్నిట్లో మూడు పాళ్లు అని చెప్పి దీంట్లో మాత్రం ఒకడికే ఎట్లా ఇస్తారని అడిగాడు. న్యాయంగా అడిగాడు. మూటలు ఎట్లాగూ మూడు ఉన్నాయి. ఆకులు మడిచారు. పెద్దనాయనకు కోర్టు వచ్చింది, మా నాయనకు మండీ, చిన్నాయనకు పటాలం. పెట్టె ఎవరికీ రాలేదు. చాన్నాళ్లు అందులో కోళ్లు పొదిగాయి.

చదవలేనివాళ్లు ఇద్దరు చెరొక మూట చంకన పెట్టుకొని పోయారు. నలుగురి ముందు జరిగిన పంపకం, అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు.

ఆ తర్వాత చిన్నాయన గుడియాత్తం పోయి, మొదట ఒక మగ్గాల యజమాని దగ్గర లెక్కలు రాసి, పిమ్మట సొంతంగా లుంగీల అంగడి పెట్టుకున్నాడు. మా నాయన పోయాక మండీ మూట నా చేతికి వచ్చింది. నేను దాన్ని తీసుకుపోయి పెద్దనాయన గూట్లో పెట్టాను. ఆయన ఊరికే తీసుకోలేదు. "ఇది నీ భాగమే. నా ఇంట్లో ఉండాది, అంతే" అని పెద్దమ్మను సాక్షికి పిలిచాడు. దాంతో రెండు మూటలు ఒక గూటికి చేరాయి. మూడోది మిగిలింది.

ఆయనకు ఆ మూడోది ఎందుకు కావాలో నాకు చాలాసార్లు చెప్పాడు. పటాలం ఆయన రాసిన జాబుల్లో యుద్ధం గురించి ఏమీ లేదు. అన్నీ అడగడమే. కాలువ వ్యాజ్యం ఏమైంది, బెల్లం ఏ ధర పోయింది, ఇట్లాంటివి. ఆయన అడిగినవాటికి జవాబులు మిగతా రెండు మూటల్లో ఉన్నాయి. తీర్పు నకలు ఎర్రగుడ్డలో ఉంది. ఆ ఏడు బెల్లం రశీదు తెల్లగుడ్డలో ఉంది. ఒక జాబు తీయడం, దాని పక్కన దాని జవాబు పెట్టడం, రెండూ వరసగా చదవడం, ఇది పెద్దనాయన కోరిక. పోయేలోగా ఒకసారి అట్లా చదవాలని ఉండేది ఆయనకు.

"అడిగినోడు గుడియాత్తంలో ఉండాడు. చెప్పాల్సినోళ్లు ఈడ ఉండారు. ఇట్లుంటే యెట్లా నాయనా" అనేవాడు.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ కాగితాలతోనే. ఎండాకాలం సెలవుల్లో ఎర్రగుడ్డ విప్పి చాప మీద పరిచేవాడు. అప్పటికి మా ఊళ్లో తెలుగు వాచకం దొరకదు. ఉన్నదాంతో చెప్పాడు. అందువల్ల నేను తెలుగులో కూడబలుక్కొని చదివిన మొదటి మాట "ప్రతివాది". దాని తర్వాత "సదరు". ఆ నెలలోనే బడిలో ఒకడితో కొట్లాట వచ్చి వాణ్ని ప్రతివాదీ అని తిట్టాను. వాళ్లమ్మ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఇంత చెడ్డ మాట పిల్లవాడికి ఎవరు నేర్పారని నిలదీసింది. పెద్దనాయన ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, అది తప్పు మాట కాదని, మన నీళ్లకు అడ్డం వచ్చేవాణ్ని అట్లా అంటారని చెప్పాడు. మా పొలాలకు దిగువన ఉన్నవి వాళ్ల పొలాలే. ఆమె మజ్జిగ తాగకుండా లేచి పోయింది.

కాగితాల దగ్గర ఆయన పద్ధతులు ఆయనవి. తడి చేత్తో ముట్టనిచ్చేవాడు కాదు. వేలు నాలుకకు తాకించి పుట తిప్పితే చేతి మీద కొట్టేవాడు. ప్రతి మూటలో ఒక వస కొమ్ము వేసేవాడు, పురుగు రాకుండా. వంకర తిరిగిన కాగితం ఉంటే రెండు పలకల మధ్య పెట్టి, పైన పాత రోలు పొత్రం ఎత్తి పెట్టేవాడు. తొందరపడి చేత్తో సాపు చేస్తే మడత దగ్గర చినుగుతుంది. బరువు కింద పెట్టి మరిచిపోవాలి. కాగితం దానంతటది సర్దుకుంటుంది అనేవాడు.

ఒకసారి నన్ను వెంటబెట్టుకొని గుడియాత్తం పోయాడు. పొద్దున్నే దిగాం. చిన్నాయన అంగడి ఉన్న వీధిలో నేతవాళ్లు పడుగు పొడుగునా సాగదీసి గంజి పెడుతున్నారు. పెద్దనాయన ఆ దారాలను దాటకుండా వీధి చివరిదాకా పోయి చుట్టుకొని వచ్చాడు. అప్పటికే ఆయనకు ఆయాసం ఉంది. చిన్నాయన మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. అన్నను ఫ్యాను కింద కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, పోయినసారి ఇచ్చిన లుంగీ రంగు దిగిందా అని అడిగాడు. పెద్దనాయన దిగలేదన్నాడు. నిజానికి ఆయన దాన్ని కట్టనే లేదు, బట్టల పెట్టెలో ఉంది.

మూట మాట ఎత్తగానే చిన్నాయన మొహం మారింది.

"నీకు కాలువ వచ్చింది, నడిపన్నకు మండీ వచ్చింది. నాకు చచ్చిపోయినోడి జాబులు వచ్చినాయి. నేనేమన్నా అడిగినానా? అదీ కావాలంటే యెట్లా అన్నా."

"నీ భాగం కాదనలేదురా. ఒక్కసారి చదవనీ."

"చదివేదానికి నువ్వే యాల? నేను చదవలేనా?"

అట్లా అని లోపలికి పోయి ఒక రేకు గొట్టం తెచ్చాడు. ఆ కాగితాలను ఆయన చుట్టచుట్టి ఆ గొట్టంలో పెట్టి ఉన్నాడు. ఒక జాబు తీసి, రెండు చేతులతో సాగదీసి పట్టుకొని, గట్టిగా చదివాడు. "అన్నగారికి దండములు. ఇక్కడ నేను క్షేమము. కాలువ వ్యాజ్యము ఏమాయెను? బెల్లము ఈ యేడు మండీలో ఏమి ధర పోయెను? ఎర్రావు ఈనెనా? పెయ్యా, కోడెనా?" గొంతు తడబడలేదు. అయితే ఆయన కళ్లు వరసల వెంట కదలలేదు. కాగితం నడిమధ్యలో ఒకే చోట నిలిచి ఉన్నాయి. రెండో వైపు తిప్పాల్సిన చోట తిప్పలేదు. నేను పెద్దనాయన వైపు చూశాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఊరకుండు అని.

తిరిగి వచ్చేటప్పుడు, బస్సు పళ్లికొండ దాటాక చెప్పాడు. మా అవ్వ, అంటే పెద్దనాయన వాళ్ల అవ్వ, బతికి ఉన్నంతకాలం మహాలయ అమావాస్యకు ఆ జాబులు చదివించుకొని వినేదట. పటాలం ఆయన ఆమెకు మరిది. చదివేది పెద్దనాయన. ఆమె ఒళ్లో కూర్చొని వినేది చిన్నాయన.

"వాడు చదవలే. చెప్పినాడు. ఒక్క మాట తప్పలే" అన్నాడు పెద్దనాయన. కిటికీ వైపు తిరిగి, "నాకే అన్ని గుర్తు లేవు" అన్నాడు.

ఫోనులో ఫోటోలు తీసి తెచ్చుకుందామని నేను అన్నాను. చిన్నాయన ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు.

పోయిన చలికాలం పెద్దనాయనకు గుండెలో నొప్పి వచ్చి వేలూరు ఆసుపత్రిలో పెట్టాం. ఇంటికి పంపేటప్పుడు బరువు ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు అన్నారు. ఆయన బరువులు ఎత్తడం మానుకున్నాడు, మెట్లు మానుకోలేదు. చిన్నాయన ఆసుపత్రికి ఒకసారి వచ్చి పండ్లు పెట్టి పోయాడు. ఇంటికి వచ్చాక ఇంకోసారి వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చిన్నాయన మంచం పక్కన కూర్చొని చెరకు ధర అడిగాడు, అల్లుడి ఉద్యోగం అడిగాడు, వదినను కీళ్లనొప్పుల గురించి అడిగాడు. బస్సు వేళయిందని లేచాడు. లేచి, సంచిలోంచి రేకు గొట్టం తీసి అన్న పక్కన మంచం మీద పెట్టాడు. దాని పైన నీలంగుడ్డ కూడా పెట్టాడు. ఇన్నేళ్లూ ఆ గుడ్డ వేరుగా దాచి ఉన్నాడు.

"చదివి ఇచ్చేయాల అన్నా. భాగం నాదే" అన్నాడు.

"నీదే" అన్నాడు పెద్దనాయన.

చిన్నాయన పోయాక ఆయన గొట్టం మూత తీసి లోపలికి చూశాడు. కాగితాలు గట్టిగా చుట్టుకొని ఉన్నాయి. ఒకటి విప్పబోతే మళ్లీ చుట్టుకుంది. ఇప్పుడే వద్దు, సర్దుకున్నాక చదువుదాం అన్నాడు. కనీసం ఫోటో తీస్తానన్నాను. వంకర కాగితం ఫోటోలో కూడా వంకరగానే వస్తుంది, వచ్చే ఆదివారం రా, ఎర్రది తెల్లది కూడా దించి పెట్టు, మూడూ చాప మీద పరుద్దాం అన్నాడు. నేను రెండు మూటలు గూట్లోంచి దించి పెట్టి వచ్చాను. నీలంవి పలకల మధ్య పెడతాడని, పొత్రం ఎవరిచేతనైనా ఎత్తించుకుంటాడని అనుకున్నాను.

ఆదివారం రాకముందే పెద్దమ్మ ఫోను వచ్చింది.

ఆ రోజు జరగవలసినవి జరిగాయి. మా వైపు మనిషి పోయిన పరుపు ఇంట్లో ఉంచరు. శవాన్ని నేల మీదికి దించగానే, మంచం మీద ఉన్నదంతా చాపతో సహా చుట్టి, తాడు కట్టి, వీధి అరుగు పక్కన పెడతారు. అది కాటికి శవం వెనక పోతుంది, అక్కడ వేరుగా కాలుస్తారు. చుట్టేది ఇంటి అల్లుడు. మా బావ చుట్టాడు. పద్ధతిగా చుట్టాడు, తాడు రెండు చోట్ల కట్టాడు. నేను పోయేసరికి అది అరుగు పక్కన ఉంది. దాని పక్కనే తప్పెటలవాళ్లు కూర్చొని బీడీలు కాలుస్తున్నారు. చిన్నాయన మధ్యాహ్నానికి వచ్చాడు. అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం అందరం నడిచి పోయి, కాల్చి, స్నానాలు చేసి వచ్చాం. నాకు ఆ రోజు ఎక్కువగా గుర్తున్నది తప్పెటలు కాచుకోవడానికి వాళ్లు వేసిన గడ్డి మంట. ఎందుకో అదే గుర్తుంది.

కాల్చిన చోట పాలు పోసిన రోజు, తిరిగి వచ్చి ఇంటి ముందు అందరం కూర్చున్నప్పుడు, చిన్నాయన నా పక్కకు జరిగి మెల్లగా అడిగాడు.

"అవి యాడ పెట్టినాడు?"

నేను లేచి పోయి పలకలు తీశాను. మధ్యలో ఏమీ లేదు. గూట్లో చూశాను. ఎర్రది ఉంది, తెల్లది ఉంది. రేకు గొట్టం కిటికీలో ఉంది, ఖాళీగా. నీలంగుడ్డ మంచం కోడు మీద ఆరేసి ఉంది. పెద్దమ్మ అది ఉతికి ఉంది.

పెద్దమ్మను అడిగాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. నా వైపు చూడలేదు.

"పొత్రం ఎత్తేదానికి లేదు కదా ఆయనకు. పరుపు కింద పెట్టుకున్నాడు. చాపకూ పరుపుకూ నడాన. పడుకుంటే సాపవుతాయి అన్నాడు" అంది. మళ్లీ, "అల్లుడు చుట్టేటప్పుడు నేను చూస్తానే ఉండా. తెలుసు నాకు. నోరు రాలే" అంది.

మా బావ లేచి బయటికి పోయాడు. చిన్నాయన తన చేతులు చూసుకున్నాడు.

"ఇన్నేళ్లు నా ఇంట్లో పదిలంగా ఉండింది వదినా. మీకిచ్చి పది దినాలు కాలే" అన్నాడు.

అన్నం వడ్డించి ఉంది. ఆయన తినలేదు. చెప్పులు తొడుక్కొని బస్టాండు వైపు నడిచాడు. నేను వెనక పోయాను. బండి మీద దింపుతానన్నాను. వద్దు అన్నాడు. "పోదుం, నువ్వు పో ఇంటికి" అన్నాడు తమిళం కలిపి. పోదుం అంటే చాలు అని. ఆయన కోపంగా ఉన్నప్పుడు తమిళం వస్తుంది.

కర్మ రోజుకు ఆయన వస్తాడో రాడో అని పెద్దమ్మకు ఒకటే దిగులు పట్టుకుంది. భర్త పోయిన దుఃఖం కంటే అదే ఎక్కువగా కనపడింది. నాట్రంపల్లి నుంచి వచ్చిన ఆమె పుట్టింటివాళ్లు, వస్తాడులే, రాకుండా పోతాడా అని చెప్పి చూశారు. ఆమె వినలేదు. ఒక్క తమ్ముడు మిగిలి ఉన్నాడు, వాడు రాని కర్మ ఏం కర్మ అంది. నన్ను ఫోను చేయమంది. చేశాను. చిన్నాయన తీయలేదు. నాకు ఆ రోజుల్లో ఏ ఆలోచనా సాగలేదు. చెరకుకు నీళ్లు కడుతూ ఉండేవాణ్ని. పెద్దనాయన చివరికి ఆ జాబులు చదివాడా లేదా అని ఒక్కోసారి అనిపించేది. చదివి ఉండడు. సర్దుకోనిది ఆయన చదవడు.

కర్మ రోజు పొద్దున్నే, పంతులు కంటే ముందు చిన్నాయన వచ్చాడు. అందరికీ గుడ్డలు తెచ్చాడు. పెద్దమ్మ ముందు చీర పెట్టి, పక్కన కూర్చున్నాడు. ఆమె ఒకసారి ఆయన భుజం తాకి చెయ్యి తీసుకుంది. కార్యం అయింది, భోజనాలు అయ్యాయి. ఈసారి తిన్నాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. మేం ముగ్గురం మిగిలాం. ఎండ ఇంకా ఉంది. చిన్నాయన వసారాలో చాప పరిచి కూర్చొని నన్ను పిలిచాడు.

"ఆ రెండూ దించు నాయనా" అన్నాడు.

ఎర్రది, తెల్లది తెచ్చి ఆయన ముందు పెట్టాను. విప్పమన్నాడు. విప్పాను. వస వాసన వచ్చింది. ఆయన వాటిని ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని, ఎదురుగా గోడ వైపు చూస్తూ, ఆ రోజు అంగడిలో చదివిన గొంతుతోనే మొదలుపెట్టాడు.

"అన్నగారికి దండములు. ఇక్కడ నేను క్షేమము. కాలువ వ్యాజ్యము ఏమాయెను?"

ఆగాడు. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎర్రగుడ్డలోంచి తీర్పు నకలు తీశాను. వాది పక్షమున అని ఉన్న వరస వెతికి, వేలు పెట్టకుండా చదివాను. ఎగువ మడవ నీళ్లు వారానికి నాలుగు రోజులు మనవి, మూడు రోజులు దిగువవాళ్లవి అని ఉంది. చదివి, మడిచి, పక్కన పెట్టాను. అప్పుడు, "గెలిచినాం" అన్నాను.

చిన్నాయన తల ఊపాడు.

"బెల్లము ఈ యేడు మండీలో ఏమి ధర పోయెను?"

తెల్లగుడ్డలో ఆ ఏటి రశీదు వెతకడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు. దొరికాక చదివాను. మడిచి పెట్టాను. పోయిన ఏటి కంటే కొంచెం తక్కువే పోయింది అని చెప్పాను.

"ఎర్రావు ఈనెనా? పెయ్యా, కోడెనా?"

ఎర్రగుడ్డలో చూశాను. తెల్లగుడ్డలో చూశాను. రెండింటిలోనూ ఆవు గురించి ఎక్కడా లేదని నాకు ముందే తెలుసు. అయినా అన్ని కాగితాలూ తిప్పాను. చిన్నాయన గోడ వైపే చూస్తున్నాడు. పెద్దనాయన ఉంటే దీనికి ఏం పెట్టేవాడో అనుకున్నాను.

"పెయ్య" అంది పెద్దమ్మ లోపలినుంచి.

ఇద్దరం అటు తిరిగాం. ఆమె వడ్డించిన గిన్నెలు బోర్లిస్తూ ఉంది, మా వైపు చూడడం లేదు.

"పెయ్యే. నేను కాపరానికి వచ్చినప్పుడు పాలు పిండింది దాని మనమరాలి దగ్గరే. అవ్వ చెప్పింది. ఎర్రావుకు ఎర్రపెయ్యే పుట్టిందంట, మొహాన తెల్ల చుక్కతో. ఇప్పుడు కొట్టంలో ఉండేదానికీ ఆ చుక్క ఉండాది కదా."

చిన్నాయన కొట్టం వైపు చూశాడు. తర్వాత మళ్లీ గోడ వైపు తిరిగాడు. మిగతా ప్రశ్నలు అడిగాడు. ఉన్నవాటికి చదివాను, లేనివాటికి పెద్దమ్మ తనకు తెలిసింది చెప్పింది, తెలియనివాటికి తెలియదంది. మూడో జాబు చివర, అందరికీ పేరుపేరునా దండములు అన్న చోట ఆయన ఆపేశాడు. అక్కడ ఉన్న పేర్లలో ఎవరూ ఇప్పుడు లేరు.

నేను ఎర్రగుడ్డ మడిచి ముడి వేశాను. తెల్లగుడ్డ మడిచి ముడి వేశాను. చిన్నాయన మంచం కోడు మీద ఉన్న నీలంగుడ్డ తీసుకొని, చాప మీద పరిచి, నాలుగు మూలలు మధ్యకు తెచ్చి, లోపల ఏమో ఉన్నట్టే ముడి వేశాడు. ముడి వేసే ముందు నా మూట ముడి సడలించి, వస కొమ్ములో ఒక ముక్క విరిచి అందులో వేశాడు. లేచి వెళ్లి మూడూ గూట్లో పెట్టాడు, నీలంది ఎర్రదానికీ తెల్లదానికీ మధ్యన.

"నా భాగం ఈ ఇంట్లో ఉండాది వదినా" అన్నాడు.

పెద్దమ్మ విన్నది. కొట్టంలో ఆవు లేచి నిలబడి, తాడు ఉన్నంత మేర ఇటు తిరిగింది. దానికి నీళ్లు పెట్టే వేళయింది.